ఒక్క దూకులో రెండు కాలవలు

ఉద్యోగం మానేయడం వేరు, వృత్తి మార్చుకోవడం వేరు, సొంతంగా పని తెచ్చుకుని బతకడం వేరు. ఈ మూడూ ఒకటేనని నమ్మి 2022 ఏప్రిల్‌లో నేను రాజీనామా కాగితం ఇచ్చాను. తిరుపతి కొత్త జిల్లా అయిన నెల అది, ఏ ఆఫీసు చూసినా కొత్త బోర్డులు రాస్తున్నారు, నాకూ అలాగే కొత్త బోర్డు పడుతోందన్నంత సంతోషంగా కాలేజీ గేటు దాటి వచ్చేశాను. ఆ తర్వాత ఏమైందో ఇన్నాళ్ళూ వివరంగా ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం, పోయిన వారం నా పాత కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఈ నెలాఖరుకి రిజైన్ చేసేస్తా, మీలాగే ఫ్రీలాన్సింగ్ చేసుకుంటా" అంది. మీలాగే అన్న మాట వినగానే నాకు భయమేసింది. నాలాగా ఎవరూ చేయకూడదు. చేయాల్సింది చేయొద్దని కాదు, నేను చేసిన వరసలో చేయొద్దని.

నేను పదకొండేళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. పేరు చెప్పను, అవసరం కూడా లేదు, మన ఊళ్ళో చదివినవాళ్ళకి, చదివించినవాళ్ళకి అలాంటి కాలేజీ ఎలా నడుస్తుందో తెలుసు. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్, పగలంతా క్లాసులు, సాయంత్రం మళ్ళీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష, ఆ రాత్రికే పేపర్లు దిద్ది మార్కులు ఎక్కించాలి. ఇంత చెప్పినా నమ్మండి, పాఠం చెప్పడం నాకు ఒక్కరోజు కూడా బరువనిపించలేదు. బరువనిపించింది అడ్మిషన్ల టార్గెట్. సంక్రాంతి దాటిందంటే చాలు, లెక్చరర్లకి ఊళ్ళు పంచేవాళ్ళు, నాకు ఎక్కువగా పాకాల, దామలచెరువు, ఐరాల వైపు పడేవి. టెన్త్ పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ తిరగాలి, ఇన్ని సీట్లు నింపకపోతే మే నెల జీతం ఆపుతారు. ఒక ఏడాది దామలచెరువు మామిడి మండీలో ఒక పిల్లాడి నాయన తోతాపురి కాయల గంపలు దించుతూ నన్ను అడిగాడు, "మీరు పాఠం చెప్పే మేడమా, సీట్లు చూసే మేడమా?" అని. ఎగతాళికి అడగలేదాయన. పిల్లాడిని ఎవరి చేతిలో పెడుతున్నాడో తెలుసుకోవాలని అడిగాడు. రెండూ నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత కరోనా. జీతం సగం చేశారు, రెండు నెలలు అదీ ఇవ్వలేదు. ఇంట్లో కూర్చుని వీడియో పాఠాలు చేయమంటే అప్పు చేసి పెన్ టాబ్లెట్ కొన్నాను, పాఠాలు నేనే రికార్డు చేసి నేనే ఎడిట్ చేశాను, పిల్లలు బాగుందన్నారు. ఆ బాగుంది అన్న మాట నా తలకెక్కింది. నాకు వీడియో ఎడిటింగ్ వచ్చు, ఇక ఫిజిక్సూ వద్దు, కాలేజీ వద్దు, ఊళ్ళు తిరగడం వద్దు అనుకున్నాను. ఇంటి నుంచే నెలకి లక్ష అని చెప్పే వీడియోలు ఆ రోజుల్లో ఎన్ని చూశానో లెక్క లేదు. 2022లో నీతి ఆయోగ్ ఒక నివేదిక ఇచ్చింది, దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది గిగ్ పనివాళ్ళు, అంటే నెల జీతం లేకుండా పనికింతని తీసుకునేవాళ్ళు, ఉన్నారని, 2029-30కి 2.35 కోట్లు అవుతారని. కోర్సులు అమ్మేవాళ్ళు ఆ అంకె చూపించి, చూడండి, భవిష్యత్తంతా ఫ్రీలాన్సింగ్‌దే అనేవాళ్ళు. ఆ లెక్కలో క్యాబ్ నడిపేవాళ్ళు, బండి మీద తిండి పొట్లాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారని నేను అప్పుడు చదవలేదు. నెలకి లక్ష సంపాదించే ఎడిటర్లు రెండు కోట్ల మంది ఉండబోతున్నారన్నట్టే విన్నాను.

పీఎఫ్ డబ్బు తీసి 62 వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నాను, 8 వేలు పెట్టి కోర్సులో చేరాను.

మొదటి పని తిరుచానూరులో జరిగిన ఒక పెళ్ళి వీడియో. తెలిసిన స్టూడియో అతను దయతలచి ఇచ్చాడు. నాలుగు గంటల ఫుటేజీని ఐదు నిమిషాలకి కుదించాలి, జీలకర్ర బెల్లం దగ్గర పాట మలుపు తిరగాలి, తలంబ్రాల దగ్గర తాళం పడాలి. ఐదు రోజులు కళ్ళు పోయేలా కూర్చున్నాను. ఏది తీసేయాలో నాకు తెలియలేదు, అన్నీ ముఖ్యమే అనిపించాయి, పాఠం చెప్పే మనిషికి అన్నీ వరసగా చెప్పాలనే ఉంటుంది. స్టూడియో అతను చూసి ఏమీ అనకుండా దాన్ని తన దగ్గర పనిచేసే కుర్రాడికి ఇచ్చాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఒక్క రాత్రిలో చేసేశాడు. నాకు ఇస్తానన్న డబ్బు నాకు ఇచ్చాడు పాపం, కానీ మళ్ళీ పిలవలేదు. ఆన్‌లైన్ సైట్లలో ప్రొఫైలు పెట్టి రోజూ రాత్రి ఒంటిగంట దాకా బిడ్లు వేసేదాన్ని. ఏడు నెలల్లో నాలుగు పనులు, మొత్తం 9,300 రూపాయలు.

అప్పుడు దాన్ని నా చేతకానితనం అనుకుని చాలా ఏడ్చాను. ఇప్పుడు అలా అనుకోను, ఎందుకో చెప్తాను, ఈ వ్యాసం రాస్తున్నదే ఇందుకు. మనిషి వృత్తి మార్చుకుంటే కొత్త పనిలో చేయి తిరిగేదాకా ఆలస్యమవుతుంది, తప్పులు జరుగుతాయి. అన్నాళ్ళూ అతన్ని నిలబెట్టేది నెల జీతం, పక్కన కూర్చునే సీనియరు, తిట్టి అయినా సరిదిద్దే పెద్దవాళ్ళు. అదే, పని మార్చకుండా ఉద్యోగం మాత్రం వదిలితే జీతమూ ఉండదు, పక్క కుర్చీ ఉండదు, కానీ చేయి తిరిగిన పని ఉంటుంది, ఆ పనిలో మన సంగతి తెలిసినవాళ్ళు నలుగురు ఉంటారు. మొదటిదాంట్లో జీతం కాపాడుతుంది, రెండోదాంట్లో పనితనం కాపాడుతుంది. నేను ఒకే రోజు రెండూ వదిలేశాను. నన్ను పట్టుకునేది ఏదీ మిగల్లేదు. పని రాని మనిషికి గిరాకీ వెతుక్కునే బాధ, గిరాకీ లేని మనిషికి పని నేర్చుకునే బాధ, రెండూ కలిసి వచ్చి పడ్డాయి. ఒక్క దూకులో రెండు కాలవలు దాటాలనుకున్నాను, రెండోదాంట్లో పడ్డాను.

డిసెంబరులో ఒక పాత స్టూడెంట్ ఫోన్ చేశాడు. బెంగళూరులో ఏదో చదువుల కంపెనీలో ఉన్నాడు. "మేడమ్, మాకు ఫిజిక్స్ లెక్కలకి సొల్యూషన్లు రాసేవాళ్ళు కావాలి, ఒక్కోదానికి 35 రూపాయలు, మీరైతే కళ్ళు మూసుకుని రాస్తారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. దేన్ని వదిలేసి వచ్చానో దాన్నే మళ్ళీ తెచ్చి, అదీ 35 రూపాయలకి, నా ముందు పెట్టినట్టనిపించింది. రెండు వారాలు జవాబు చెప్పలేదు. జనవరిలో పాప స్కూలు ఫీజు కట్టాల్సి వచ్చి ఒప్పుకున్నాను, గొప్ప ఆలోచనతో ఏమీ కాదు.

కళ్ళు మూసుకుని రాయలేకపోయాను. మొదటి ప్రశ్న నాకు బాగా గుర్తు. వాలు తలం మీద దిమ్మె, వాలు 30 డిగ్రీలకి రాగానే జారడం మొదలుపెట్టింది, ఘర్షణ గుణకం ఎంత? టాన్ 30, అంటే 0.577. ఇంటర్ ఫస్టియర్ పిల్లలు నోటితో చెప్తారు. నేను మూడు లైన్లు రాసి పంపాను, వెనక్కి వచ్చింది. ఇంకో రెండు లైన్లు చేర్చి పంపాను, మళ్ళీ వెనక్కి. రివ్యూ చేసే ఆవిడ రాసింది, "బలాన్ని రెండుగా ఎందుకు విడదీశారో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?" అని. అప్పుడు అర్థమైంది. పదకొండేళ్ళూ నేను ఆ లెక్క మాటలతో చెప్పలేదు, అటెండెన్స్ రిజిస్టరు మీద డస్టరు పెట్టి, రిజిస్టరు మెల్లగా ఎత్తుతూ, "చూడండి, చూడండి, ఇంకా జారలేదు... ఇదిగో!" అనేదాన్ని. క్లాసంతా ఆ ఒక్క క్షణం చూసేది. కాగితం మీద డస్టరు లేదు, నా చెయ్యి లేదు. ఆ చెయ్యి చేసే పనంతా ఇప్పుడు వాక్యాలు చేయాలి. ఆ ఒక్క సొల్యూషన్‌కి గంటన్నర పట్టింది. నెల తిరిగేసరికి ఒక్కోటి పన్నెండు నిమిషాల్లో రాయగలిగాను. మొదటి నెల 212 సొల్యూషన్లు, 7,420 రూపాయలు. ఏడు నెలల ఎడిటింగ్ సంపాదనకి దగ్గరగా ఒక్క నెలలో.

పని కొత్తది కాదు, పద్ధతి కొత్తది. తేడా అంతా అక్కడే ఉంది. ఇన్‌వాయిస్ రాయడం, గడువు ఒప్పుకునే ముందు రోజులు లెక్కపెట్టుకోవడం, ఎక్కువ పని వస్తే కాదనడం, ఇవన్నీ నేర్చుకుంటున్నప్పుడు నా కింద ఫిజిక్స్ గట్టి నేలలా ఉంది.

అక్కడి నుంచి తెలుగుకి వచ్చాను. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగుతో కలిపి 13 భాషల్లో జరుగుతోంది, నీట్ అంతకు ముందు నుంచే తెలుగులో ఉంది, కాబట్టి ప్రశ్నల బ్యాంకులు తెలుగులోకి మార్చేవాళ్ళు కావాలి. ఒక ఏజెన్సీ వాళ్ళు పదానికి 70 పైసలు ఇస్తామని, మెషిన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దితే అందులో సగమిస్తామని చెప్పారు. ఆ మెషిన్ అనువాదం తెరిచి చూస్తే జడత్వ భ్రామకాన్ని "జడత్వ క్షణం" చేసింది, అభిలంబ బలాన్ని "సాధారణ శక్తి" అంది. మొమెంట్, నార్మల్ అన్న ఇంగ్లీషు మాటలకి వేరే అర్థం పట్టుకుంది, ఫిజిక్స్ తెలియని అనువాదకులైతే అది తప్పని కూడా పట్టుకోలేరు. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ వేసిన పుస్తకాలతో తెలుగు మీడియంలో ఇంటర్ చదివినదాన్ని నేను, ఆ పదాలు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. తెలుగు మీడియం అని ఒకప్పుడు ఇంటర్వ్యూల్లో తలదించుకున్న చదువే ఈ రోజు నాకు అన్నం పెడుతోంది. ఇది రాస్తుంటే కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి, నిజంగానే.

ఇప్పుడు ఫిజిక్స్ ఒక్కటే చేయడం లేదు. డ్రిప్ ఇరిగేషన్ పరికరాల మాన్యువళ్ళు, షుగర్ పేషెంట్ల కోసం ఆసుపత్రులు వేయించే కరపత్రాలు, ఇలాంటివి కూడా చేస్తున్నాను. అంటే వృత్తి మారింది. మూడేళ్ళు పట్టింది, ఒక్కో మెట్టు దగ్గర పాత కాలు ఇంకా పాత మెట్టు మీద ఉండగానే మారింది.

ఇది చెప్తే చాలామంది అనే మాట ఒకటుంది, అది తేలిగ్గా తీసేసే మాట కాదు. ఉద్యోగం చేస్తూ పక్కన వేరే పని చూసుకోండి అని చెప్పడం సులువు, ఆరున్నరకి వెళ్ళి ఎనిమిదికి వచ్చే మనిషికి ఆ టైం ఎక్కడుంది? నిజమే, లేదు. నాకూ లేదు. అందుకే నేను సాయంత్రాలు మిగుల్చుకోండి అని చెప్పను. జీతం తగ్గినా సరే, గంటలు తక్కువ ఉండే ఉద్యోగంలోకి ముందు మారండి అంటాను. నాతో పనిచేసిన మ్యాథ్స్ ఆవిడ అదే చేసింది. 27 వేల జీతం వదిలి, మూడున్నరకే వదిలిపెట్టే ఒక స్కూల్లో 18 వేలకి చేరింది. అందరూ దిగిపోయింది అన్నారు, నేనూ అన్నాను, తప్పైంది. ఆ సాయంత్రాల్లో ఆవిడ రెండేళ్ళు అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, నలుగురు కొట్లవాళ్ళకి లెక్కలు రాయడం మొదలుపెట్టి, ఆ నలుగురు తొమ్మిది మంది అయ్యాక స్కూలు మానేసింది. ఒక్క నెల కూడా జీతం లేకుండా లేదు.

మనసు, ఒళ్ళు రెండూ పాడుచేసే ఉద్యోగాలు ఉంటాయి, పైవాళ్ళు అసహ్యంగా ప్రవర్తించే చోట్లు ఉంటాయి, అలాంటి చోట నుంచి రేపే వచ్చేయండి, ఆలోచించకండి. కానీ వచ్చేసిన వెంటనే ఫ్రీలాన్సింగ్ అనకండి. ముందు ఏదో ఒక జీతం పట్టుకోండి.

ఇంకోటి. నేను ఇన్నాళ్ళు నిలబడటానికి కారణం ధైర్యం అని చుట్టాలు అంటారు. కాదు. మా ఆయన రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు, ఆ జీతం నెల నెలా వచ్చింది, బియ్యం, కరెంటు, అత్తమ్మ మందులు దాంతో గడిచాయి. ఆ ఏడు నెలలు ఆయన ఒక్క మాట అనలేదు, అది వేరే సంగతి, కానీ అనకుండా ఉండగలగడానికీ ఒక జీతం ఉండాలి. ఒంటిచేత్తో ఇల్లు నడిపే మనిషికి నా కథ చెప్పి, నువ్వూ దూకు అంటే అది పాపం.

జీతం అంటే చేతికొచ్చే అంకె ఒక్కటే అనుకున్నాను, అది నా ఇంకో పొరపాటు. నా బేసిక్ 15 వేలు చూపించేవాళ్ళు, దాంట్లో నా వాటా 1,800, కాలేజీ వాటా 1,800 పీఎఫ్‌కి వెళ్ళేవి, కాలేజీ వాటాలో 1,250 పింఛను పథకానికి. జీతం కాగితంలో కోతలా కనిపించేది, ఇప్పుడు ఆ కోత లేదు, ఆ పొదుపూ లేదు. నేను పీఎఫ్ మొత్తం తీసేశాను, లాప్‌టాప్‌కి పోను మిగిలింది ఇంట్లో ఖర్చైపోయింది, ఆ బాధ ఇంకా ఉంది. పింఛను భాగం మాత్రం పదేళ్ళు నిండినందువల్ల అలాగే ఉండిపోయింది, 58 ఏళ్ళకి ఎంతో కొంత వస్తుంది. ఉద్యోగం వదలాలనుకునేవాళ్ళు మీ సర్వీసు పదేళ్ళకి ఎంత దూరంలో ఉందో ఒకసారి చూసుకోండి, కొన్ని నెలల తేడాతో పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన మొత్తం, దాని సంగతి ఇంకా ఘోరం. లెక్చరర్లకి గ్రాట్యుటీ ఉంటుందని నాకు తెలియదు, కాలేజీవాళ్ళు చెప్పలేదు. 2009లోనే చట్టం మార్చి 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకి కూడా వర్తింపజేశారు, ప్రైవేటు స్కూళ్ళ యాజమాన్యాలు కోర్టుకెళ్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదే అంది. ఆ వార్త పేపర్లో చూసి, అప్పటికి నేను మానేసి నాలుగు నెలలైంది, ఉలిక్కిపడ్డాను. లెక్క ఏమిటంటే చివరి జీతాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. 15 వేల మీద పదకొండేళ్ళకి 95,192 రూపాయలు. దరఖాస్తు ఇస్తే ఆఫీసులో, "మీరే మానేశారు కదా మేడమ్, మీకెందుకు వస్తుంది" అన్నారు. మనంతట మనం మానేసినా ఐదేళ్ళు దాటితే వస్తుంది. ముప్ఫై రోజుల్లో అడగాలని రూలుంది గానీ, ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు. లేబర్ ఆఫీసు మెట్లు నాలుగుసార్లు ఎక్కాక 2023 మార్చిలో వచ్చింది. ఆ డబ్బు మే నెలలోనే చేతికొచ్చి ఉంటే పీఎఫ్ ముట్టుకునేదాన్ని కాదు.

మొదటి చెల్లింపులో పదో వంతు కోసేసి ఇచ్చినప్పుడు మోసం అనుకుని ఆ బెంగళూరు స్టూడెంట్‌ని నిలదీశాను. అది టీడీఎస్, ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, ఏడాది చివర రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది అని వాడే ఓపిగ్గా చెప్పాడు. ఒకప్పుడు వాడికి నేను వెక్టార్లు చెప్పాను. రిటర్న్ తప్పకుండా వేయండి, డబ్బు వెనక్కి రావడానికే కాదు, రేపు బ్యాంకుకి లోన్ కోసం వెళ్తే శాలరీ స్లిప్ లేని మనిషిని రెండు మూడేళ్ళ రిటర్న్‌లు అడుగుతారు. ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఉద్యోగంలో ఉండగానే లోన్ తీసుకుని, కంతులు కట్టగలమో లేదో చూసుకుని తర్వాత కదలండి. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అంతే, ముందు నుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే ఖర్చు ఇవ్వకుండా ఆపే గడువు, పెట్టొచ్చు, కాబట్టి ఆ గడియారం ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు, అంతకుముందు 18 శాతం ఉండేది. సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి గిగ్ వర్కర్ అనే మాట చట్టంలో చేరింది, సంతోషమే, కానీ పాత పీఎఫ్ పాస్‌బుక్ లాంటిది నా చేతిలో ఇంకా ఏదీ లేదు.

డబ్బు ఆలస్యం చేసేవాళ్ళ గురించి ఒక్క మాట. ఒక ఏజెన్సీ 97 రోజులు తిప్పింది. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, పని ఒప్పుకునే ముందే చేసుకోండి. అది ఉన్నవాళ్ళకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని, దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ కట్టాలని చట్టం చెప్తుంది. ఈ వాక్యం మర్యాదగా ఈమెయిల్లో రాసి నా ఉద్యమ్ నంబరు పెట్టాను. వడ్డీ ఇవ్వలేదు గానీ అసలు ఐదో రోజుకి పడింది.

ఇక తిరుపతిలో ఇంటి నుంచి పనిచేయడం. ఇది వేరే ఊరివాళ్ళకి అర్థం కాదు. మన ఇళ్ళకి చుట్టాలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు, దర్శనానికి వచ్చినవాళ్ళని కాదనడం మన ఇంటా వంటా లేదు, స్వామి పేరు చెప్పుకుని గడప తొక్కినవాళ్ళకి కాఫీ అయినా ఇవ్వాలి. కాలేజీకి పోతున్నప్పుడు ఆ భారం అత్తమ్మ మీద, ఆదివారాల మీద ఉండేది. ఇంట్లో కూర్చున్నాక మొత్తం నా మీదికి వచ్చింది. ఒక రోజు సాయంత్రం ఆరింటికి ఏజెన్సీకి నాలుగు వేల పదాలు పంపాలి. పదకొండింటికి పుంగనూరు నుంచి మా పెద్దమ్మ వాళ్ళు ఐదుగురు దిగారు, టీటీడీ వాళ్ళ శ్రీనివాసం వసతి సముదాయంలో టోకెన్లు దొరికాయట, రాత్రికి దర్శనం. పెద్దమ్మ బ్యాగు కింద పెడుతూ, "ఫోన్ ఎందుకు చేసేది అనుకున్నాంలే, నువ్వు ఇంట్లోనే గదా ఉండేది" అంది, ఎంతో ప్రేమగా. నేను లాప్‌టాప్ మూసి బియ్యం కడిగాను. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, పప్పు చేసి, అందరూ తిని నడుం వాల్చాక మూడున్నరకి మళ్ళీ కూర్చున్నాను, చేతి వేళ్ళకి ఇంకా ఊరుబిండి వాసన ఉంది. ఆ పని రాత్రి పదింటికి పంపాను. నాలుగు గంటలు ఆలస్యం. ఆ ఏజెన్సీ తర్వాతి నెల నాకు పని ఇవ్వలేదు.

పెద్దమ్మది తప్పు కాదు. నేను చేసేది పని అని ఆవిడకి కనిపించే గుర్తు ఏదీ నేను పెట్టలేదు. తర్వాత బాలాజీ కాలనీలో ఒక స్నేహితురాలి ట్యూషన్ సెంటరు పగలంతా ఖాళీగా ఉంటే నెలకి 1,500 ఇచ్చి అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. పొద్దున తొమ్మిదింటికి చీర కట్టుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని వెళ్తాను. వీధిలో అందరూ మళ్ళీ ఉద్యోగంలో చేరావా అని అడిగారు. చేరాను అన్నాను. అబద్ధం కాదు కదా.

ఆదాయం గురించి అడిగేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్తాను. పోయిన మే నెలలో 11,400 వచ్చింది, నవంబరులో 58 వేలు. పరీక్షల ముందు పని ముంచెత్తుతుంది, వేసవిలో ఎండిపోతుంది. ఏడాది మొత్తం కలిపి నెలకి పంచితే పాత జీతం కంటే కొంచెం ఎక్కువ. నవంబరు డబ్బు నవంబరులో ఖర్చుపెట్టకుండా వేరే ఖాతాలో వేసి, అక్కడి నుంచి నెల నెలా నాకు నేను 25 వేలు జీతం ఇచ్చుకుంటాను. ఇది మొదలుపెట్టాకే రాత్రిళ్ళు నిద్ర పట్టింది.

కెమిస్ట్రీ అమ్మాయిని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఏం చేయాలనుకుంటున్నావు అంటే, "ఏదో ఒకటక్కా, డిజిటల్ మార్కెటింగ్ బాగుందంటున్నారు" అంది. సరే, నీకు కాలేజీలో ఏది పడటం లేదు అని అడిగాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది, టార్గెట్లు, ఊళ్ళు తిరగడం, జీతం ఆపడం, మీటింగుల్లో అందరి ముందు తిట్టడం. పది నిమిషాలు మాట్లాడింది, అందులో ఒక్కసారి కూడా కెమిస్ట్రీ పేరు రాలేదు. క్లాసు సంగతి ఏమిటి అన్నాను. "క్లాసులో బాగుంటానక్కా, ఆ గంట ఒక్కటే బాగుంటాను" అంది. మరి దాన్ని ఎందుకు వదిలేస్తున్నావు అని నేను గట్టిగానే అడిగాను, అమ్మాయి కొంచెం బెదిరింది కూడా. నాలుగేళ్ళ కిందట నన్ను ఎవరైనా ఇలా అడిగి ఉంటే బాగుండేది. మా ఇద్దరికీ పడనిది పని చేయించుకునే తీరు, మేం మార్చుకోబోయింది మాత్రం పనిని.

పది కెమిస్ట్రీ ప్రశ్నలు ముందు పెట్టి, సొల్యూషన్లు రాయి, నేను రివ్యూ ఆవిడలా దిద్దుతాను అన్నాను. రెండు గంటల్లో మూడు రాసింది. మొదటిది నేను రెండుసార్లు వెనక్కిచ్చాను, ఎందుకో తనకి అర్థమై నవ్వింది. నాలుగోది మోల్ లెక్క. అప్పుడే మా పాప వచ్చి, ఎనిమిదో తరగతి, మోల్ అంటే ఏంటి ఆంటీ అని అడిగింది. కెమిస్ట్రీ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి, వంటింట్లోంచి పెసల డబ్బా తెచ్చి, గుప్పెడు పెసలు బల్ల మీద పోసి, "వీటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతావా, తూకం వేసి లెక్క చెప్తావా?" అని మొదలుపెట్టింది. అరగంట ఇద్దరూ లేవలేదు. నేను కాఫీ పెట్టుకొచ్చి, ఏమీ మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాను.

ఎనిమిదింటికి లేచి, "పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్ ఉందక్కా" అంటూ బయల్దేరింది. మిగిలిన ఆరు ప్రశ్నలూ సగం రాసిన నాలుగోదీ మడిచి బ్యాగులో పెట్టుకుంది. బుధవారం రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో నాలుగోది వచ్చింది, పెసలతో సహా రాసింది.